స్కాట్లాండ్‌లోని ఫైఫ్‌లో వీధివైపు రాతి మెట్లున్న పాత ఇల్లు: కొనవచ్చా, వదిలేయాలా?

కిర్కాల్డీ_కిరణ్
ఫైఫ్ తూర్పు తీరంలో, ఈస్ట్ న్యూక్ వైపు ఒక రేవు ఊళ్లో ఇల్లు చూసొచ్చాం. ఇసుకరాయితో కట్టిన రెండంతస్తుల పాత ఇల్లు, పైన ఎర్ర పెంకులు. కింది భాగం వేరేవాళ్లది, పై భాగం మాత్రమే అమ్మకానికి ఉంది. పై ఇంటికి లోపలి నుంచి దారి లేదు. వీధిలోంచే పదకొండు రాతి మెట్లు ముందు గోడను ఆనుకుని పైకి వెళ్తాయి. చివర ఇద్దరు నిలబడేంత రాతి చప్టా, అక్కడే తలుపు. ఇక్కడ వీటిని ఫోర్‌స్టేర్ అంటారు.

మా ఇద్దరికీ ఇల్లు తెగ నచ్చింది. టెన్షన్ అంతా ఆ మెట్ల గురించే. మెట్లు మధ్యలో అరిగి గుంటలు పడ్డాయి, వాన వెలిశాక కూడా నీళ్లు నిలిచే ఉన్నాయి. ఇనుప రెయిలింగ్ దిగిన చోట రెండు మెట్లు మూలల్లో పగిలాయి. రాళ్ల మధ్య సందుల్లో ఎవరో ఎప్పుడో బూడిద రంగు మసాలా పూశారు. హోమ్ రిపోర్టులో (అమ్మేవాళ్లిచ్చే ఇంటి సర్వే) మెట్లకు 2 వేశారు, అంటే తొందర లేకపోయినా బాగు చేయించాలని. మెట్ల కింద చిన్న తలుపు, లోపల ఒక గది ఉంది. అది ఎవరిదంటే ఏజెంటు నీళ్లు నములుతున్నాడు.

ఇల్లు బి కేటగిరీ లిస్టెడ్, అంటే కాపాడాల్సిన పాత కట్టడంగా నమోదైంది. వచ్చే ఏడాది మా అమ్మానాన్న వచ్చి ఆర్నెల్లు ఉంటారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇలాంటి ఇంట్లో ఉంటున్నవాళ్లు, మెట్లు బాగు చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

గ్లాస్గో_గోపి
వదిలేయండి. పాత ఇల్లు, అందులోనూ లిస్టెడ్, పైగా వీధి మెట్లు. నవంబరు నుంచి మార్చి దాకా రోజూ గండమే. మా ఆఫీసులో ఒకాయన ఇలాంటి మెట్ల మీదే జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. అదే డబ్బుకు డన్‌ఫర్మ్‌లిన్‌లో కొత్త ఇల్లు చూసుకోవచ్చు.

అబర్డీన్_అనిల్
పై తలుపు వెడల్పు కొలిచారా? మెట్లు ఎక్కించడం ఒక ఎత్తు, ఆ చప్టా మీద సోఫాను తిప్పి తలుపులో దూర్చడం ఇంకో ఎత్తు.

లీత్_లలిత
గోపి గారూ, మంచులో జారడానికి ఫోర్‌స్టేరే అక్కర్లేదు, కొత్త ఇంటి డ్రైవ్‌వే మీద కూడా జారతారు.

కిరణ్ గారూ, మనసు మార్చుకునే ముందు ఒకసారి న్యూహేవెన్ వచ్చి చూడండి. 2023 జూన్‌లో ట్రామ్ అక్కడిదాకా పొడిగించారు, ఎడిన్‌బరా మధ్యలో ఎక్కితే నేరుగా దిగొచ్చు. ఒకప్పుడు అది జాలర్ల ఊరు. ఇక్కడి ఆడవాళ్లు చేపల బుట్టలు వీపున మోసుకుని ఎడిన్‌బరా వీధుల్లో అమ్ముకొచ్చేవారు. కింద వలలు, తాళ్లు, సరంజామా. పైన కాపురం. మధ్యలో ఈ మెట్లు. 1960ల్లో ఊరిని బాగుచేసినప్పుడు మెయిన్ స్ట్రీట్‌లో కొత్తగా కట్టిన ఇళ్లకు కూడా ఇవే మెట్లు పెట్టారు. అవి లేకపోతే ఆ వీధి ఇంకేదో ఊరి వీధిలా ఉండేది. ఎండ కాసిందంటే చాలు, ఇప్పటికీ జనం మెట్ల మీదే కూర్చుంటారు.

గ్లాస్గో_గోపి
కూర్చోవడానికి బాగానే ఉంటుంది లలిత గారూ. రిపేరు బిల్లు కట్టేది కూర్చునేవాళ్లు కాదు కదా.

సున్నం_సుబ్బారావు
నేను పాత రాతి కట్టడాల మరమ్మతు పనిలోనే ఉన్నాను. కిరణ్ గారు చెప్పిన మూడూ మూడు వేర్వేరు జబ్బులు. ఒకే గాటన కట్టకూడదు.

రెయిలింగ్ దగ్గర పగుళ్లు అన్నిటికంటే ముఖ్యం. పాత రోజుల్లో రాతికి రంధ్రం తొలిచి, ఇనుప కమ్మీ నిలబెట్టి, చుట్టూ సీసం కరిగించి పోసేవారు. పైన పెయింట్ పోయాక నీళ్లు లోపలికి దిగుతాయి. ఇనుము తుప్పు పడుతుంది. తుప్పుకు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు కావాలి, ఆ ఒత్తిడికి రాయి మూలలో పగులుతుంది. దానంతటది ఆగదు, ఏడాదికేడాది పెరుగుతుంది. కమ్మీలు ఊడదీసి, రాతిలోకి దిగే చివర్లకు స్టెయిన్‌లెస్ స్టీల్ ముక్కలు అతికి, మళ్లీ సీసంతోనే బిగిస్తారు. పగిలిన మూలను చతురస్రంగా కోసి, అదే రకం రాయి ముక్కను అతుకుగా దించుతారు.

రెండోది ఆ బూడిద రంగు మసాలా. అది సిమెంటే అయి ఉంటుంది. ఇసుకరాయి మెత్తటి రాయి, నీళ్లు పీల్చుకుంటుంది. సందుల్లో సున్నం ఉంటే ఆ తడి సందుల్లోంచి ఆరిపోతుంది. కొన్నేళ్లకు సున్నం అరిగితే మళ్లీ పెట్టుకుంటాం, రాయి క్షేమంగా ఉంటుంది. సిమెంటు పెడితే తడికి ఆ దారి మూసుకుపోయి రాతి ముఖంలోంచే బయటికి రావాలి. అక్కడే ఉప్పు పేరుకుంటుంది, అక్కడే తడి గడ్డ కడుతుంది, రాయి పొరలు పొరలుగా రాలుతుంది. సందులో సిమెంటు చెక్కు చెదరకుండా నిలబడి, దాని చుట్టూ రాయి లోపలికి తినేసి ఉంటుంది చూడండి, అది దీని గుర్తు. మన దగ్గర పాత గుళ్లకూ కోటలకూ డంగు సున్నం వాడింది కూడా ఈ లెక్కనే.

మూడోది గుంటలు. దాని గురించి తర్వాత రాస్తాను, కొంచెం పెద్ద కథ. ఈలోపు కిరణ్ గారు ఒక పని చేయండి. మెట్ల కింద గదిలోకి వెళ్లి పైకప్పు చూడండి. అక్కడ తడి మచ్చలు, తెల్లటి ఉప్పు చారలు, రాలిన మట్టి ఉంటే నీళ్లు లోపల నింపిన రాళ్లలోకి దిగుతున్నాయని అర్థం. పైనుంచి చూస్తే ఆ సంగతి తెలియదు.

అబర్డీన్_అనిల్
అసలు చలిదేశంలో మెట్లు బయట కట్టాలని ఎవరికి తట్టింది? ఇంత వానలో?

గ్లాస్గో_గోపి
శత్రువులు రాకుండా. తలుపు పైన ఉంటే కాపాడుకోవడం తేలిక. కోటలన్నిటికీ అలాగే ఉంటుంది.

స్టర్లింగ్_శాస్త్రి
గోపి గారు చెప్పింది పల్లెల్లో కోటల్లా ఎత్తుగా కట్టిన టవర్ హౌస్‌లకు వర్తిస్తుంది. వాటికి తలుపు మొదటి అంతస్తులో పెట్టి, తీసేయగలిగే నిచ్చెన వాడిన మాట నిజం. ఊరి వీధిలో రాతితో పక్కా మెట్లు కట్టి, అవి శత్రువును ఆపుతాయనుకోవడంలో అర్థం లేదు. శత్రువు కూడా మెట్లే ఎక్కుతాడు.

ఇక్కడ అసలు సంగతి జాగా. పాత బరోలలో (వర్తక హక్కులున్న పాత పట్టణాలు) వీధివైపు స్థలం చాలా ఇరుకు, వెనక్కి మాత్రం పొడుగ్గా పోతుంది. వీధికి ఆనుకున్న కింది గది డబ్బు తెచ్చే గది. అందులో కొట్టు, చెప్పులు కుట్టేవాడి పని గది, నిల్వ సరుకు, రేవు ఊళ్లో అయితే వలలు. లోపల మెట్లు కడితే ఆ గదిలో మూడో వంతు పోతుంది. బయట కడితే కింద గది మొత్తం మిగులుతుంది, మెట్ల కింద ఇంకో చిన్న గది కలిసొస్తుంది. పైన కాపురం ఉండేవాళ్లకు కింది కొట్టుతో సంబంధం లేని సొంత తలుపు దొరుకుతుంది. పైన ఇంకా అంతస్తులుంటే, బయటి మెట్లు మొదటి అంతస్తు దాకా వచ్చి ఆగుతాయి, అక్కడినుంచి లోపల గుండ్రంగా తిరిగే మెట్లు.

ఎడిన్‌బరాలో ఇది కళ్లారా చూడాలంటే లాన్‌మార్కెట్‌లో గ్లాడ్‌స్టోన్స్ ల్యాండ్ అనే పాత ఇంటికి వెళ్లండి. 1617లో థామస్ గ్లెడ్‌స్టేన్స్ అనే వ్యాపారి కొని ముందుకు పెంచి కట్టించాడు. కింద కమానుల వెనక కొట్లు, పక్కన వంపు తిరిగిన రాతి మెట్లు. అక్కడినుంచి రాయల్ మైల్ అనే పాత పెద్ద వీధి దిగుతూ పోతే మూబ్రే హౌస్‌కి ఉన్నాయి, ఇంకా కిందికి కెనన్‌గేట్‌లో వైట్ హార్స్ క్లోజ్‌లో ఉన్నాయి. ఒకప్పుడు ఆ దారి పొడవునా ఇవే ఉండేవి. ఎడిన్‌బరాలో మెట్ల కింద పందుల్ని కూడా పెంచేవారు.

18, 19 శతాబ్దాల్లో బండ్లు పెరిగి వీధులు ఇరుకైపోయాక, దారికి అడ్డమని ఊరూరా వీటిని కొట్టించేశారు. రద్దీ పెద్దగా పెరగని ఊళ్లలోనే మిగిలాయి. ఫైఫ్ తీరంలో ఎక్కువ కనబడటానికి కారణం అదే. వ్యాపారం పడిపోయి, కొత్తగా కట్టుకునే స్తోమత లేక పాతవి అలాగే ఉండిపోయాయి. కిరణ్ గారు చూసిన మెట్లు అలా బతికి బయటపడ్డవే, అందుకే అవి పోకూడదని నా పట్టుదల.

డండీ_దీప
శాస్త్రి గారూ, మా డండీలో ఇంకో రకం. అపార్ట్‌మెంట్ వెనకవైపు గుండ్రటి మెట్ల బురుజు, ప్రతి అంతస్తులో బయట రాతి వసారా, అక్కడినుంచి ఇంటి తలుపులు. ప్లెటీలు అంటారు. బట్టలారేసుకోవడం, పక్కింటివాళ్లతో కబుర్లు అన్నీ దాని మీదే. కానీ అవి పెరటివైపు. వీధివైపు ఉండే ధైర్యం ఫైఫ్ వాళ్లదే.

అబర్డీన్_అనిల్
అంటే ఇంటికి ఎవరొచ్చారో, ఎన్ని సంచులు మోసుకొచ్చారో వీధంతటికీ తెలుస్తుంది. 20 కిలోల బియ్యం బస్తా భుజాన వేసుకుని ఆ మెట్లెక్కే కిరణ్ గారిని ఊరంతా చూస్తుంది.

లా_లావణ్య
మెట్లు, కింద గది ఎవరివన్న ప్రశ్నను ఎవరూ పట్టించుకోలేదు. డబ్బు పెట్టే ముందు తేల్చుకోవాల్సింది అదే.

పైనొకరు కిందొకరు ఉండి, రెండు ఇళ్లూ వేర్వేరు యజమానులవైతే, రెండంతస్తులే అయినా స్కాట్లాండ్ చట్టం దృష్టిలో అది టెనెమెంటే, అంటే వేర్వేరు యజమానుల ఫ్లాట్లున్న భవనమే. మొదట టైటిల్ డీడ్స్‌లో ఏముందో చూస్తారు. అందులో ఏమీ లేకపోతే 2004 టెనెమెంట్స్ చట్టం అన్వయిస్తుంది. అందులో బయటి మెట్ల ప్రస్తావన పేరు పెట్టి మరీ ఉంది. ఆ మెట్లు ఒకే ఫ్లాట్‌కు ఉపయోగపడితే యాజమాన్యం ఆ ఫ్లాట్‌దే. రెండు మూడు ఫ్లాట్లకు ఉపయోగపడితే వాళ్లందరి ఉమ్మడి ఆస్తి. మీ కేసులో మెట్లు పై ఇంటికి మాత్రమే వెళ్తున్నాయి కాబట్టి, డీడ్స్ వేరేగా చెప్పకపోతే మెట్లు మీవి, మరమ్మతు ఖర్చు కూడా మొత్తం మీదే. కింది వాళ్లను సగం అడగడం కుదరదు.

కింద గది సంగతి అలా ఊహించకండి. మెట్లు మీవైనంత మాత్రాన కింద గది మీదవ్వదు. టైటిల్ ప్లాన్‌లో రంగు ఎక్కడిదాకా వేశారో మీ సొలిసిటర్‌ను చూడమనండి. పాత డీడ్స్‌లో ఒక్కోసారి 'మెట్ల కింది సెల్లార్' అని విడిగా రాసి ఉంటుంది.

ఇంకో మాట. లిస్టెడ్ ఇంటికి అనుమతి లేకుండా పాత యజమాని ఏదైనా మార్పు చేసి ఉంటే, కౌన్సిల్ నోటీసు కొత్త యజమానికి కూడా రావచ్చు. దానికి కాలపరిమితి లేదు. పాత రెయిలింగ్ తీసేసి కొత్తది పెట్టారా, మెట్ల మీద ఏమైనా పోశారా అడగండి. మిస్సివ్స్ (కొనుగోలు ఒప్పంద లేఖలు) పూర్తయ్యాక అడిగి లాభం లేదు, అప్పటికి ఒప్పందానికి కట్టుబడిపోయి ఉంటారు.

గ్లాస్గో_గోపి
ఇదే నేను చెప్పేది. ఖర్చు మొత్తం తనదే, మార్చుకునే స్వేచ్ఛ మాత్రం లేదు. పై ఇంట్లోంచి లోపలికి మెట్లు దించుకుని ఈ తలనొప్పి వదిలించుకోకూడదా?

లా_లావణ్య
లోపలికి దించితే ఎక్కడ తేలతారు గోపి గారూ? కింద ఉన్నది వేరేవాళ్ల ఇల్లు.

గ్లాస్గో_గోపి
సరే, అది కుదరదు. మెట్ల మీద గాజు గది లాంటిది కట్టుకోవచ్చుగా? వాన పడదు, మంచు పడదు.

స్టర్లింగ్_శాస్త్రి
లిస్టెడ్ ఇంటి ముందు ముఖానికి గాజు పెట్టె తగిలిస్తానంటే ఏ ప్లానింగ్ ఆఫీసరూ ఒప్పుకోడు. ఒప్పుకోకూడదు కూడా. నలుగురి కళ్ల ముందు వీధిలోకి తెరుచుకుని ఉండటమే ఆ మెట్ల పద్ధతి.

పిటెన్‌వీమ్_పద్మ
నేను అలాంటి పై ఇంట్లోనే ఉంటున్నాను. ఆలస్యంగా చూశాను ఈ చర్చ.

మేం వచ్చినప్పుడు మా మెట్లూ ఇంచుమించు ఇలాగే ఉన్నాయి. మొదటి చలికాలం అందరిలాగే ఉప్పు చల్లబోయాను. కిందింటావిడ కిటికీలోంచి చూసి పరుగెత్తుకొచ్చి ఆపింది. ఉప్పు రాతిని తినేస్తుందట. ఒక బకెట్ ముతక ఇసుక తెచ్చి చేతిలో పెట్టింది. అప్పటినుంచి మంచు పడితే చీపురుతో ఊడ్చి ఇసుక చల్లుతాను. వేడినీళ్లు పోయకండి, కాసేపట్లోనే అద్దంలా గడ్డ కడుతుంది. పాకుడు పడితే గట్టి కుచ్చు బ్రష్షు, మామూలు నీళ్లు చాలు. ప్రెషర్ వాషర్ దగ్గరికి రానివ్వకండి. ఈ వీధిలోనే ఒకరు దానితో కడిగితే రాతి పైపొర ఇసుకలా కొట్టుకుపోయింది.

వాన కంటే గాలి ఎక్కువ ఇబ్బంది. తూర్పు గాలి వీచే రోజు చప్టా మీద నిలబడి తాళం తీయడం కష్టం. సంచులు కింద పెట్టి ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకోవాలి. దీపం ఒకటి తప్పనిసరి, డిసెంబరులో మధ్యాహ్నం నాలుగు కాకముందే చీకటి. దీపం బిగించేటప్పుడు మేకులు రాతిలో కొట్టనివ్వకండి, సందులోని సున్నంలో కొట్టించండి. రేపు తీసేస్తే సున్నం పెట్టి పూడ్చుకోవచ్చు.

ఇన్ని చెప్పినా, ఈ మెట్లు లేని ఇంటికి నేను మారను. మన ఊళ్లో వీధి అరుగు ఎలాగో ఇక్కడ ఇవి అలాగ. టీ కప్పు పట్టుకుని పై మెట్టు మీద కూర్చుంటే వచ్చేపోయేవాళ్లంతా పలకరిస్తారు. మేం వచ్చిన కొత్తలో మాకు ఈ ఊళ్లో పరిచయాలన్నీ అక్కడే అయ్యాయి. కిందింటావిడ వాళ్ల నానమ్మ ఇవే మెట్ల మీద కూర్చుని గాలాలకు ఎరగా ముసెల్స్ అనే ఆల్చిప్పల మాంసం గుచ్చేదట. పండగ రోజు చప్టా మీద ముగ్గు వేస్తాను. బియ్యప్పిండి వేస్తే సీగల్స్ పది నిమిషాల్లో ఖాళీ చేస్తాయి, అందుకని సుద్దముక్కతో వేస్తున్నాను.

అబర్డీన్_అనిల్
సీగల్స్‌కి సంక్రాంతి అలవాటు చేసిన మొదటి తెలుగావిడ మీరే అయ్యుంటారు.

కిర్కాల్డీ_కిరణ్
పద్మ గారూ, గుంటలు ఏం చేశారు? మీ పెద్దవాళ్లు వచ్చినప్పుడు ఎలా ఎక్కారు?

పిటెన్‌వీమ్_పద్మ
గుంటలు చాలావరకు అలాగే వదిలేశాం. బాగా లోతుగా పడ్డ రెండు మెట్లకు మాత్రం అరిగిన భాగం కోయించి కొత్త రాయి దించాం. మిగతావి తరతరాల కాళ్లకు అరిగినవి, వాటిని చదును చేస్తే ఆ మెట్లకు ఇంక ఏం మిగులుతుంది?

మా అత్తగారు వచ్చినప్పుడు గోడవైపు కూడా పట్టుకోవడానికి ఏదైనా కావాలనిపించింది. కౌన్సిల్‌ను ముందే అడిగి, గోడ సందుల్లో మాత్రమే బిగించే సన్నటి ఇనుప కమ్మీకి అనుమతి తెచ్చుకున్నాం. రెండు చేతులా పట్టుకుని నిదానంగా ఎక్కేవారు.

సున్నం_సుబ్బారావు
పద్మ గారూ, ఇసుక గురించి, బ్రష్షు గురించి, దీపం గురించి మీరు చెప్పినవన్నీ అక్షరాలా సరైనవి. గుంటల దగ్గర మాత్రం నేను మీతో ఏకీభవించను. గుంటలో నీళ్లు నిలిస్తే రాత్రికి గడ్డ కడుతుంది. గడ్డ కట్టిన గుంట మీద కాలు వేసే మనిషికి చుట్టూ ఉన్న తడి రాయికీ దానికీ తేడా తెలియదు. అందులోనూ కిరణ్ గారి అమ్మగారికి మోకాళ్ల నొప్పులు.

ఎంత అరిగింది అనేదాని కంటే నీళ్లు పోతున్నాయా లేదా అన్నది నా లెక్క. అరిగినా నీళ్లు ముందుకు జారిపోతుంటే ముట్టుకోను. నిలుస్తుంటే చేయించాలి. కొన్నిచోట్ల పాత మేస్త్రీలు మెట్టు రాయిని ఊడదీసి తిరగేసి పెట్టేవారు, అడుగు భాగం కొత్తదానిలా ఉంటుంది కాబట్టి. రాయి మందంగా, పగుళ్లు లేకుండా ఉంటే ఇప్పటికీ అది చక్కటి పద్ధతి. రాయి మారదు, వీధి ముఖం మారదు. గుంటలో సిమెంటు పోసి చదును చేయడం మాత్రం ఎవరు చెప్పినా వినకండి. రెండు చలికాలాలకు అది పెంకులా లేచి, కింద రాతిని కూడా లాక్కొచ్చేస్తుంది.

పిటెన్‌వీమ్_పద్మ
తిరగేసిన మెట్టు మీద వందేళ్ల అరుగుదల కనిపించదు. నాకు అది నష్టమే. కానీ నీళ్లు నిలిచే వాటి వరకు మీ మాట ఒప్పుకుంటాను.

డండీ_దీప
నేను సుబ్బారావు గారి వైపు. అమ్మ పడితే తర్వాత ఎన్ని చెప్పుకున్నా లాభం లేదు.

లీత్_లలిత
నేను పద్మ గారి వైపు. రెండోవైపు కమ్మీ పెట్టించడంతో అమ్మగారి సమస్య చాలావరకు తీరుతుంది. రాయిని ముట్టుకునే ముందు కమ్మీ పెట్టి చూడొచ్చు.

లా_లావణ్య
ఎవరి వైపైనా సరే, ఇన్సూరెన్స్ మాట మర్చిపోకండి. మెట్లు మీ అధీనంలో ఉంటే, పోస్ట్‌మ్యాన్ జారిపడ్డా బాధ్యత మీ మీదికి రావచ్చు. 1960 నాటి ఆక్యుపయర్స్ లయబిలిటీ చట్టం ఉంది. పాలసీలో బయటి మెట్లు కవర్ అవుతాయో లేదో రాతపూర్వకంగా అడగండి.

అదే పద్ధతిలో, అదే రాయితో, అదే సున్నంతో చేసే మరమ్మతుకు సాధారణంగా లిస్టెడ్ బిల్డింగ్ అనుమతి అక్కర్లేదు. రూపం మారే పని ఏదైనా ఉంటే కావాలి. మెట్టు తిరగేయడం ఏ కోవలోకి వస్తుందో మీరే తేల్చేసుకోకండి, పని మొదలుపెట్టే ముందు కౌన్సిల్‌కు ఫోటోలతో ఒక ఈమెయిల్ పెట్టండి. అనుమతి లేకుండా చేస్తే ఇది జరిమానాతో పోయే చిన్న విషయం కాదు, క్రిమినల్ నేరం. లిస్టెడ్ అయినా మరమ్మతు మీద 20 శాతం వ్యాట్ తప్పదు, బడ్జెట్‌లో వేసుకోండి.

స్టర్లింగ్_శాస్త్రి
కిరణ్ గారూ, ఆ ఇల్లు పాత కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ వాళ్లు బాగుచేసి అమ్మిన చిన్న ఇళ్లలో ఒకటేమో కనుక్కోండి. 1960లో వాళ్లు ఒక పథకం పెట్టారు. శిథిలమైన ఇల్లు కొనడం, బాగుచేయడం, అమ్మడం, వచ్చిన డబ్బుతో ఇంకోటి కొనడం. ఫైఫ్‌లో పిటెన్‌వీమ్, క్రెయిల్, సెయింట్ మొనాన్స్, కల్రాస్, డైసార్ట్ లాంటి చోట్ల చాలా ఇళ్లు అలా నిలబడ్డాయి. అమ్మేటప్పుడు బయటి రూపం మార్చకూడదన్న షరతు టైటిల్‌లో పెట్టేవారు. మీ దాంట్లో అది ఉంటే కౌన్సిల్‌తో పాటు ట్రస్ట్‌ను కూడా అడగాల్సి ఉంటుంది.

వీలైతే కల్రాస్ కూడా చూసిరండి. కల్రాస్ ప్యాలెస్‌ను ట్రస్ట్ 1932లో 700 పౌండ్లకు కొంది, ఊళ్లో ఇళ్లు బాగుచేయడం అక్కడినుంచే ఊపందుకుంది. 1626 నాటి టౌన్ హౌస్ ముందు రెండు వైపుల నుంచి ఎక్కే మెట్లున్నాయి. కింద చెరసాల, పైన ఊరి పెద్దల సభ. ఆ మెట్ల కింద నిలబడి తలెత్తి చూస్తే, పైన కూర్చున్నవాళ్లకు ఆ ఎత్తు ఎందుకు కావాలో అర్థమవుతుంది.

గ్లాస్గో_గోపి
నేను ఇప్పటికీ కొనొద్దనే అంటాను. కానీ కొంటే మాత్రం సుబ్బారావు గారు చెప్పినట్టే చేయించండి. సగం సగం పనులు చేయిస్తే రెండుసార్లు ఖర్చు.

కిర్కాల్డీ_కిరణ్
అందరికీ చాలా థాంక్స్. శనివారం మళ్లీ వెళ్లాం. మెట్ల కింది గదిలోకి వెళ్లనిచ్చారు. పైకప్పు ఒక మూల తడిగా ఉంది, తెల్లటి చారలున్నాయి. సరిగ్గా పైన పగిలిన రెండు మెట్లున్న చోటే. మిగతా అంతా పొడిగా ఉంది. గోడకు ఒక వరుస ఇనుప కొక్కేలు, వలలు తగిలించుకోవడానికట.

సొలిసిటర్ టైటిల్ చూశారు. మెట్లు పై ఇంటివి, కింద గది కిందివాళ్లది. డీడ్‌లో స్పష్టంగా ఉంది. ట్రస్ట్ షరతు ఏమీ లేదు. పాత రాళ్ల మీద అనుభవం ఉన్న మేస్త్రీతో విడిగా అంచనా వేయించి, ఆ మొత్తం తగ్గించుకుని ఆఫర్ ఇవ్వాలనుకుంటున్నాం. రెయిలింగ్, సందుల సిమెంటు, నీళ్లు బాగా నిలిచే మూడు మెట్లు, గోడవైపు కమ్మీ. మిగతా మెట్లు ముట్టుకోం. అమ్మతో వీడియో కాల్‌లో చూపిస్తే తన బెంగంతా ఊరగాయ జాడీలు పైకి ఎలా చేరుస్తామన్నదే.

సుబ్బారావు గారూ, ఆఫర్ కుదిరితే చేతికొచ్చేసరికి నవంబరు అవుతుంది. వెంటనే పని మొదలుపెట్టొచ్చా?

సున్నం_సుబ్బారావు
సున్నం పని వద్దు. 5 డిగ్రీల కంటే దిగితే సున్నం సరిగా గట్టిపడదు. పచ్చిగా ఉన్నప్పుడు గడ్డ కడితే పొడిపొడిగా రాలిపోతుంది. ఏప్రిల్ చివరి దాకా ఆగండి. చలికాలంలోనే చేసేస్తాం అని ఎవరైనా హుషారుగా వస్తే, సిమెంటు కలుపుతారేమో అని అనుమానించండి.

ఈలోపు చేయించాల్సినవి వేరే ఉన్నాయి. పైన వాన గొట్టం మెట్ల మీదికి కారుతోందేమో చూడండి, చాలాసార్లు అసలు దోషి అదే. పగిలిన రెండు మెట్ల దగ్గర రెయిలింగ్ ఊగుతుంటే తాత్కాలికంగా ఆసరా పెట్టించండి. ఊడిన రాతి ముక్కలు ఏవి దొరికినా పారేయకుండా దాచండి. ఆ రాయి ఏ క్వారీ రకానికి దగ్గరో తేల్చడానికి ఎడిన్‌బరాలో బ్రిటిష్ జియలాజికల్ సర్వే వాళ్లున్నారు. ఆ ముక్క పంపితే పోల్చి చెబుతారు. రంగు కలిసిందని వేరే రాయి వేస్తే పక్క రాయి చెడుతుంది.

మేస్త్రీని అడగాల్సింది ఒకటే. ఇంతకుముందు సున్నంతో చేసిన మెట్లు, కనీసం ఐదారు చలికాలాలు చూసినవి ఎక్కడున్నాయో చూపించమనండి. వెళ్లి చూసిరండి.

పిటెన్‌వీమ్_పద్మ
మావి వచ్చి చూడండి, ఆరు చలికాలాలు దాటాయి. వాటిని చేసిన మేస్త్రీ ఫోన్ నంబరు ఇక్కడ పెట్టను, విడిగా మెసేజ్ చేస్తాను. వసంతానికి పని కావాలంటే ఇప్పుడే చెప్పి ఉంచండి, ఆయన చేతినిండా పనితో ఉంటారు.